ప్లాస్టిక్‌లో కరెంటు పారించిన ఎలన్ మెక్‌డైర్మిడ్

మన సర్వీసు కాలమంతా ప్లాస్టిక్ అంటే కరెంటును ఆపే వస్తువు అన్న లెక్కలోనే పనిచేశాం. కటింగ్ ప్లయరు పిడులకు తొడుగు, వైరు మీద పి.వి.సి., స్విచ్చి మీద బేకలైటు, అన్నీ అందుకే. మెగ్గరు తిప్పి చూసినప్పుడు ముల్లు ఇన్ఫినిటీ దగ్గర నిలబడితే సంతోషించి రిజిస్టరులో సంతకం పెట్టాం. అదే జాతి పదార్థంలో లోహంలో పారినట్టు కరెంటు పారుతుందని చూపించి, 2000వ సంవత్సరంలో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఒకరు ఎలన్ గ్రాహం మెక్‌డైర్మిడ్. మిగిలిన ఇద్దరు అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఎలన్ హీగర్, జపాన్ రసాయన శాస్త్రవేత్త హిడెకి షిరకావా.

ముగ్గురిలో ఈయన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. కరెంటు పారినంత మాత్రాన ఏ పదార్థమూ పనికొచ్చే సరుకు అయిపోదు. దాన్ని కరిగించాలి, పొరగా తీయాలి, మామూలు ప్లాస్టిక్‌లో కలిపి అచ్చు పోయాలి. నలుగురూ చప్పట్లు కొట్టిన పదార్థం ఈ పరీక్షలో నెగ్గదని తేలినప్పుడు, యాభై దాటిన వయసులో మరో పదార్థంతో మళ్ళీ అ ఆల నుంచి మొదలుపెట్టిన మనిషి మెక్‌డైర్మిడ్.

ఆయన 1927 ఏప్రిల్ 14న న్యూజీలాండ్ దేశంలో మాస్టర్‌టన్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. తండ్రి ఇంజనీరు. ఇంజనీరు అంటే మనం గొప్పగా ఊహించుకుంటాం గాని, 1930లలో వచ్చిన ఆర్థిక మాంద్యంలో ఆ ఇంజనీరు గారు నాలుగేళ్ళు ఉద్యోగం లేకుండా ఉన్నారు. ఎక్కడైనా పని దొరుకుతుందేమోనని కుటుంబం రాజధాని వెల్లింగ్టన్ పక్కనున్న లోయర్ హట్‌కు మారింది. పిల్లవాడు కాళ్ళకు చెప్పుల్లేకుండానే చిన్న బడికి వెళ్ళాడు. కాస్త ఎదిగాక సైకిలు మీద ఇంటింటికీ పాలు, పేపర్లు వేశాడు. పదేళ్ళ వయసులో తండ్రి పాత పుస్తకాల్లో పందొమ్మిదో శతాబ్దం నాటి రసాయన శాస్త్ర పుస్తకం ఒకటి దొరికింది. చదివితే సగం అర్థం కాలేదు. అర్థం కావడానికి ఊరి లైబ్రరీ నుంచి పిల్లల ప్రయోగాల పుస్తకం తెచ్చుకుని, గడువు తీరినప్పుడల్లా మళ్ళీ రాయించుకుంటూ ఏడాదికి పైగా తన దగ్గరే ఉంచుకున్నాడు.

పదహారేళ్ళు వచ్చేసరికి తండ్రి రిటైరయ్యారు. చేతికొచ్చేది కొద్దిపాటి పెన్షను. దానితో రాజధానిలో నెట్టుకురాలేక పెద్దవాళ్ళు ఉత్తరాన ఉన్న కెరికెరికి వెళ్ళిపోయారు. కుర్రవాడు హైస్కూలు మానేసి, వెల్లింగ్టన్‌లోని విక్టోరియా కళాశాల రసాయన శాస్త్ర విభాగంలో లాబ్ బాయ్‌గా చేరాడు. మురికి గాజు సామాను కడగడం, నేల ఊడవడం పని. జీతం స్వల్పం. మిగిలిన వేళల్లో అక్కడే పార్ట్‌టైము విద్యార్థిగా డిగ్రీ క్లాసులకు కూర్చునేవాడు. అటెండరుగా చేరి, డిపార్ట్‌మెంటు పరీక్షలు రాసి పైకి వచ్చిన మిత్రులు మన సంఘంలో చాలామందే ఉన్నారు కనుక ఈ ఘట్టాన్ని నేను వర్ణించనక్కరలేదు.

క్రమంగా చీపురు నుంచి డిమాన్‌స్ట్రేటరు స్థాయికి వచ్చాక, ఎం.ఎస్.సి. పనిలో ఆయనకు గంధకం, నత్రజని కలిసిన ఒక సమ్మేళనం అప్పగించారు. అది కమలాపండు రంగులో మెరిసే స్ఫటికాలుగా వస్తుంది. రంగు రంగుల పదార్థాలంటే మొదటినుంచీ ఆయనకు మోజు. దాని మీద 1949లో నేచర్ పత్రికలో ఆయన మొదటి వ్యాసం వచ్చింది. ఈ కమలా స్ఫటికాలను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, పాతికేళ్ళ తరువాత మళ్ళీ వస్తాయి.

తరువాతి చదువు త్వరగా చెబుతాను. 1950లో ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్పు మీద అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి 1953లో పిహెచ్.డి. తీసుకున్నారు. అక్కడి అంతర్జాతీయ విద్యార్థుల క్లబ్బులో పరిచయమైన మేరియన్ మాథ్యూను 1954లో పెళ్ళాడారు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో సిలికాన్ సమ్మేళనాల మీద 1955లో రెండో పిహెచ్.డి. వచ్చింది. కొంతకాలం స్కాట్లండులో పనిచేసి, అదే సంవత్సరం ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చేరారు. ఆ తరువాత చివరిదాకా అదే ఆయన కొలువు. ముగ్గురు కూతుళ్ళు, ఒక కొడుకు. 1964లో ప్రొఫెసరు అయ్యారు. దాదాపు ఇరవై ఏళ్ళు సిలికాన్ మీదే పనిచేశారు. అక్కడితో ఆగి ఉంటే మంచి ఆచార్యుడన్న పేరుతో, ఆ శాస్త్రం చదివేవాళ్ళకు మాత్రమే తెలిసిన మనిషిగా మిగిలిపోయేవారు.

1973లో ఒక వార్త వచ్చింది. గంధకం, నత్రజని ఒకదాని పక్కన ఒకటి వరుసగా గొలుసు కట్టిన పాలిమరు ఒకటి, అందులో లోహం ఒక్కటీ లేకుండానే, లోహంలా కరెంటును మోస్తోందట. అదే విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రం చెబుతున్న హీగర్ ఈ పదార్థం కావాలని మెక్‌డైర్మిడ్ దగ్గరకు వచ్చారు. ఆయన ఎస్.ఎన్. అంటే ఈయనకు తగరం రసాయన గుర్తు వినబడింది. తగరం లోహమే కదా, కరెంటు మోయడంలో వింతేముందని ఈయన తేల్చేశారు. కాగితం మీద రాసి చూపించాక గాని విషయం అర్థం కాలేదు. దాన్ని తయారుచేయడానికి ముడిసరుకు ఏమిటంటే, లాబ్ బాయ్ రోజుల్లోని ఆ కమలా స్ఫటికాలే. ఆ రోజు నుంచి ఒకరి భాష ఒకరికి పట్టుబడాలని ఇద్దరూ శనివారం ఉదయాలు కూర్చుని మాట్లాడుకునేవారు. మన ఆఫీసుల్లో ఎకౌంట్సు వాళ్ళు, టెక్నికల్ వాళ్ళు అలా వారానికోసారి కూర్చుని ఉంటే ఎన్ని ఫైళ్ళు కదిలేవో అనిపిస్తుంది నాకు.

1975లో మెక్‌డైర్మిడ్ జపాన్ వెళ్ళినప్పుడు టోక్యో సాంకేతిక విద్యాసంస్థలో ఉపన్యసించి, బంగారు రంగులో ఉన్న తన గంధకం పాలిమరును చూపించారు. తరువాత గ్రీన్ టీ తాగుతున్న వేళ షిరకావా అనే యువ పరిశోధకుడు, తన దగ్గర వెండిలా మెరిసే పొర ఒకటి ఉందని తెచ్చి చూపించాడు. అది పాలీఎసిటిలీన్. మనం వెల్డింగుకు వాడే ఎసిటిలీన్ వాయువునే గొలుసుగా కడితే వచ్చే పదార్థం. అంతకుముందు అది నల్లటి పొడిగానే వచ్చేది, ఎవరూ పట్టించుకోలేదు. 1967లో షిరకావా దగ్గర కొరియా నుంచి వచ్చిన పరిశోధకుడు ఒకరు ఉత్ప్రేరకాన్ని వెయ్యి రెట్లు ఎక్కువ వేయడంతో పొడికి బదులు పొర తేలింది. పారబోయకుండా షిరకావా ఏళ్ళ తరబడి దాని లోతు చూశారు. మెక్‌డైర్మిడ్ ఆ పొరను చూసిన వెంటనే ఆయన్ను ఏడాది పాటు ఫిలడెల్ఫియాకు రమ్మని పిలిచారు. అమెరికా నౌకాదళ పరిశోధన విభాగం ఆ ఖర్చుకు సొమ్ము ఇచ్చింది.

మొదట ఆ పొరను ఎంత శుద్ధి చేస్తే అంత బాగా కరెంటు మోస్తుందనుకున్నారు. తీరా చూస్తే శుద్ధి చేసినకొద్దీ కరెంటు తగ్గుతోంది! అంటే మలినమే మేలు చేస్తోందేమో. గంధకం పాలిమరుకు బ్రోమిన్ పట్టిస్తే వాహకత పెరిగిన అనుభవం అప్పటికే ఉంది. 1976 నవంబరు 23న షిరకావా, హీగర్ దగ్గర పనిచేస్తున్న చియాంగ్ అనే పరిశోధకుడు కలిసి పాలీఎసిటిలీన్ పొరకు తీగలు అతికించి బ్రోమిన్ ఆవిరి వదిలారు. కొద్ది నిమిషాల్లో వాహకత కోటి రెట్లు పెరిగింది. 1977లో ఈ ఫలితాన్ని ప్రకటించారు.

లోపల జరిగేదేమిటో మన భాషలో చెబుతాను. పెళ్ళి పంక్తిలో ఆకులన్నీ నిండి ఉంటే ఎవరూ కదలలేరు. ఒకాయన లేచాడనుకోండి, పక్కాయన ఆ ఖాళీలోకి జరుగుతాడు, ఆయన వదిలిన చోటికి మరొకాయన. మనుషులు ఒక పక్కకు జరుగుతుంటే ఖాళీ రెండో పక్కకు నడుస్తుంది. పాలీఎసిటిలీన్ గొలుసులో కర్బన పరమాణువుల మధ్య ఒంటి బంధం, జంట బంధం మార్చి మార్చి ఉంటాయి. ఆ వరుసలోని ఎలక్ట్రానులలో కొన్నిటిని బ్రోమిన్ లాగేసుకుంటుంది. ఏర్పడిన ఖాళీలు గొలుసు వెంబడి పరిగెడతాయి. అదే కరెంటు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఆస్ట్రేలియాలో వైస్, ఆయన సహచరులు 1963లోనే అయొడిన్ కలిసిన పాలీపిరోల్ అనే మరో పాలిమరు కరెంటును మోయడం గమనించి ప్రచురించారు. అప్పుడు దాన్ని ఎవరూ అందుకోలేదు. ఫిలడెల్ఫియాలో రసాయన శాస్త్రం, భౌతిక శాస్త్రం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి కనుక అది ఎందుకు జరుగుతోందో కూడా తేలింది. నా దృష్టిలో తేడా అదే.

ప్రపంచమంతా ఒక్కసారిగా పాలీఎసిటిలీన్ మీద పడింది. మెక్‌డైర్మిడ్ బృందం దానితో తిరిగి చార్జి చేసుకోగల బ్యాటరీ కూడా చేసింది. కాని రోజులు గడిచేకొద్దీ ఆ పదార్థం గుణం బయటపడింది. గాలి తగిలితే చాలు, ఆక్సిజన్ దాన్ని తినేస్తుంది. ఏ ద్రావకంలోనూ కరగదు. వేడి చేస్తే మెత్తబడి పారదు, మాడిపోతుంది. ఉన్న పొరను ఉన్నట్టు వాడుకోవడం తప్ప తీగగా లాగడానికి, అచ్చు పోయడానికి, వేరే ప్లాస్టిక్‌లో కలపడానికి లేదు. పేరుకు ప్లాస్టిక్, తీరు మాత్రం బొగ్గు. పేరు తెచ్చిపెట్టిన పదార్థాన్ని పట్టుకుని వేలాడేవారు ఎంతమందో. మెక్‌డైర్మిడ్ దృష్టి మళ్ళించారు.

ఆయన ఎంచుకున్నది పాలీఅనిలీన్. ఇది కొత్తది కానే కాదు. 1862లో లండనులో లెథెబీ అనే ఆయన అనిలీన్ ఆమ్ల ద్రావణంలోకి విద్యుత్తు పంపితే ఈ ముదురు రంగు పదార్థమే పట్టింది. ఆ తరువాత దీన్ని బట్టలకు నల్లరంగుగా వాడారు. రసాయన శాస్త్రవేత్తలు గాజు సామాను అడుగున పేరుకునే మడ్డిగానే చూశారు. దానికి కరెంటు మోసే గుణం ఉందని 1960లలో ఫ్రాన్సు పరిశోధకులు గమనించినా అది పెద్దగా ప్రచారంలోకి రాలేదు. అనిలీన్ పేరులో మన వాసన ఉంది. నీలిమందును బట్టీ పట్టి తీసిన నూనెకు 1840 ప్రాంతంలో ఆ పేరు పెట్టారు. మూలం పోర్చుగీసు వారి అనిల్, దాని మూలం అరబ్బుల మీదుగా వెళ్ళిన మన నీలి.

తయారీ చాలా చవక. నీళ్ళలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అందులో అనిలీన్. మంచులో పెట్టి సున్నాకూ 5 డిగ్రీలకూ మధ్య చల్లగా ఉంచి, అమోనియం పెర్‌సల్ఫేటు ద్రావణాన్ని నెమ్మదిగా కలుపుతారు. కాసేపటికి ద్రావణం నీలంగా, ఆపైన ముదురాకుపచ్చగా మారి పొడి కింద పేరుకుంటుంది. వడగట్టి కడిగితే ఎమరాల్డిన్ లవణం, పేరు మరకతం నుంచి వచ్చింది. ఇది కరెంటును మోస్తుంది. దీన్ని అమోనియా నీళ్ళలో కడిగితే నీలిరంగు పొడి అవుతుంది, కరెంటు ఆగిపోతుంది. మళ్ళీ ఆమ్లంలో ముంచితే ఆకుపచ్చ, మళ్ళీ కరెంటు. 1986లో మెక్‌డైర్మిడ్ బృందం తేల్చిన సంగతి ఇది. రెండు స్థితులకూ తేడా దాదాపు వెయ్యి కోట్ల రెట్లు. బ్రోమిన్ లాగా ఇక్కడ ఎవరూ ఎలక్ట్రానులను పట్టుకుపోవడం లేదు. ఆమ్లం ఇచ్చే ప్రోటాను వచ్చి గొలుసులోని నత్రజని మీద కూర్చోవడమే. గాలిలో పెట్టినా చెడదు. అప్పటికి ఆయన వయసు 59. మన రోజుల్లో 58కే దండ వేసి, శాలువా కప్పి ఇంటికి పంపేవారు.

అయినా చిక్కు పూర్తిగా వీడలేదు. నీలిరంగు రూపం ఎన్.ఎం.పి. అనే ద్రావకంలో కరుగుతుంది, పలకల మీద పోసి ఆరబెడితే చక్కటి పొర వస్తుంది, దాన్ని సాగదీయవచ్చు కూడా. కాని అది కరెంటు మోయని రూపం. మోసే ఆకుపచ్చ రూపం కరగదు, పారదు. పొర తీసి తరువాత ఆమ్లంలో ముంచవచ్చు గాని, ప్లాస్టిక్ లోపల కలిపినదాన్ని ఎలా ముంచుతాం?

మనవాళ్ళకు ఈ సమస్య సులువుగా అర్థమవుతుంది. 11 కె.వి. ఎక్స్.ఎల్.పి.ఇ. కేబుల్ జాయింటు చేసినవారంతా ఇన్సులేషన్ మీది నల్లటి సెమికాన్ పొరను ఒలిచినవారే. అది కరెంటును కొద్దిగా మోసే ప్లాస్టిక్. నిజానికి అక్కడ మోసేది ప్లాస్టిక్ కాదు, అందులో కలిపిన కార్బన్ బ్లాక్ అనే మసి. మసి రేణువులు ఒకదానికొకటి తగిలితేనే దారి ఏర్పడుతుంది గనుక బరువులో 30 శాతం అటూ ఇటూ కలపాలి. అంత కలిపితే సరుకు పెళుసు బారుతుంది, నలుపు తప్ప మరో రంగు రాదు. పాలీఅనిలీన్‌ను కరిగిన స్థితిలో కలపగలిగితే సన్నని వల లాగా అల్లుకుని తక్కువ పాళ్ళతోనే పని జరుగుతుంది.

దారి 1992లో దొరికింది. కనుక్కున్నది పాత మిత్రుడు హీగర్. 1982లోనే కాలిఫోర్నియాకు మారిన ఆయన అక్కడ కావ్, స్మిత్ అనే సహచరులతో చేసిన పని ఇది. కిటుకు ఆమ్లంలో ఉంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి బదులు కర్పూరం నుంచి చేసిన సల్ఫోనిక్ ఆమ్లాన్ని గాని, బట్టల సబ్బు పొడి తయారీలో యాసిడ్ స్లర్రీ అని పిలిచే జాతి ఆమ్లాన్ని గాని వాడారు. సబ్బు అణువు ఒక కొస నీటిని, రెండో కొస జిడ్డును పట్టుకుంటుంది కదా. అలాగే ఈ ఆమ్లాల ఒక కొస పాలీఅనిలీన్‌ను పట్టుకుని కరెంటు పారిస్తుంది, రెండో కొస ద్రావకంతోనో ప్లాస్టిక్‌తోనో స్నేహం చేస్తుంది. దానితో ఆకుపచ్చ రూపం ఆకుపచ్చగానే కరిగింది. యాక్రిలిక్ వంటి మామూలు ప్లాస్టిక్‌లో 1 శాతం కన్నా తక్కువ కలిపినా కరెంటు దారి ఏర్పడింది. తన పదార్థం మీద ఇంకొకరు సాధించారని మెక్‌డైర్మిడ్ ముఖం చిన్నబుచ్చుకోలేదు. అందులో అర్థంకాని ఒక ముడిని తాను పట్టుకున్నారు. మెటా క్రెసాల్ అనే ద్రావకంలో నుంచి తీసిన పొరకే ఎందుకంత వాహకత? ఉండలా చుట్టుకుని ఉన్న గొలుసును ఆ క్రెసాల్ చాపి నిటారు చేస్తోందని, ద్రావకం ఆవిరైపోయాక కూడా చాలావరకు ఆ చాపు నిలుస్తోందని, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయపు భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ ఎప్‌స్టైన్‌తో కలిసి 1994లో వివరించారు.

అయితే ఇళ్ళలో రాగి తీగలు పోయి ప్లాస్టిక్ తీగలు వచ్చాయా అంటే రాలేదు. రాగి వాహకతతో పోలిస్తే మంచి పాలీఅనిలీన్ పొరది కూడా వెయ్యో వంతు చుట్టుపక్కలే. క్షారగుణం ఉన్నది ఏది తగిలినా ఆమ్లం విరిగి మళ్ళీ నీలిరంగు ఇన్సులేటరు అయిపోతుంది. మరీ ఎక్కువ వేడిమి దగ్గర అచ్చు పోసినా గుణం పోతుంది. జర్మనీలో, అమెరికాలో, ఫిన్లండులో కంపెనీలు పాలీఅనిలీన్ మిశ్రమాలను అమ్మకానికి పెట్టాయి గాని, మొదట ఊహించినంత వ్యాపారం జరగలేదు. ఈ కుటుంబం నిలదొక్కుకున్న చోట్లు వేరు. స్థిరవిద్యుత్తు పేరుకోకుండా ఫిల్ముల మీద పూసే పూత, ఇనుముకు తుప్పు పట్టకుండా వేసే పెయింటు, కంప్యూటరు బోర్డుల మీది చిన్న చిన్న కెపాసిటర్లు. కొన్నిటిలో పాలీఅనిలీన్, కొన్నిటిలో దాని చుట్టాలు.

1990లో భార్య మేరియన్ మరణించారు. పిల్లలు ఎదిగి ఎవరి దారిన వారున్నారు. పని మాత్రం తగ్గలేదు. 2000 అక్టోబరు 10న నోబెల్ వార్త వచ్చేనాటికి ఆయనకు 73 ఏళ్ళు. రూథర్‌ఫోర్డ్, విల్కిన్స్‌ల తరువాత న్యూజీలాండ్‌లో పుట్టినవారిలో నోబెల్ అందుకున్న మూడో వ్యక్తి. సైన్సు అంటే మనుషులేనని ఎక్కడికి వెళ్ళినా చెప్పేవారు, తన పేరు ఎత్తినప్పుడల్లా విద్యార్థుల పేర్లు జోడించేవారు. ఆ ఏడాదే పాలీఅనిలీన్‌ను మరో పాలిమరుతో కలిపి, అధిక వోల్టేజి పెట్టి, వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని దారాలుగా లాగే పద్ధతిని ఆయన బృందం ప్రచురించింది. ఆ మరుసటి ఏడు ఇంకో తమాషా చేశారు. మామూలు ఆఫీసు లేజరు ప్రింటరుతో ప్లాస్టిక్ షీటు మీద గీతలు కొట్టి, ఆ షీటును పాలిమరు ద్రావణంలో ముంచి, ఆపైన టోనరు గీతలను కడిగేస్తే టోనరు లేని చోట మాత్రమే కరెంటు దారి మిగులుతుంది. లక్షల యంత్రాలతో చేసే సర్క్యూటు పని గుమాస్తా బల్ల మీది ప్రింటరుతో! చిన్నప్పటి లేమి మనిషికి నేర్పిన పొదుపు ఇదేనేమో.

2002లో టెక్సాస్ విశ్వవిద్యాలయం డల్లాస్ శాఖలో కూడా ఒక పదవి స్వీకరించారు. అదే ఏడాది వెల్లింగ్టన్‌లో ఆయన పేర పదార్థ విజ్ఞాన సంస్థ వెలిసింది. లాబ్ బాయ్‌గా సీసాలు కడిగిన ఆ విక్టోరియా విద్యాలయమే దానికి నెలవు. చైనాలోని జిలిన్ విశ్వవిద్యాలయంలోనూ ఆయన పేర ఒక సంస్థ ఉంది. 2005లో గేల్ జెంటైల్‌ను వివాహమాడారు.

చివరి రోజుల్లో ఆయనకు రక్తానికి సంబంధించిన తీవ్రమైన జబ్బు చేసింది. అయినా ఒకసారి స్వదేశం వెళ్ళి రావాలని టిక్కెట్టు తీసుకున్నారు. 2007 ఫిబ్రవరి 7న ఫిలడెల్ఫియా శివారు డ్రెక్సెల్ హిల్‌లోని తన ఇంట్లో, విమానానికి బయలుదేరే హడావిడిలో మెట్ల మీద నుంచి పడి మరణించారు. ఎనభై నిండడానికి రెండు నెలలు తక్కువ. ఆ ఊళ్ళోనే ఆయన్ను సమాధి చేశారు.